సున్నం ఆరేదాకా

గిద్యోను యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేస్తూ నేను జైతూన్‌బీ అవ్వను చెరిపేయాలి. రెండూ సాయంత్రం ఆరులోపు అయిపోవాలి. చొక్కా వేసుకుని మా ఆయన కృష్ణపట్నం పోర్టుకు నైట్ డ్యూటీకి పోతాడు. అవ్వను చెరిపిన ఫైలు నెల్లూరులో మా ఆఫీసుకు పోతుంది. చొక్కా సంగతి సరే, పదిహేనేళ్ళుగా చేస్తున్న పనే. అవ్వ దగ్గరే నాకు చెయ్యి ఆడటం లేదు.

నా ఉద్యోగం గురించి చెప్పాలి. చిట్టమూరు వైపు నుంచి కృష్ణపట్నం దాకా సముద్రం అంచున ఉన్న చిన్న చిన్న గుళ్ళు, చర్చిలు, దర్గాలు, ఎవరూ పుస్తకాల్లోకి ఎక్కించనివి, ఊరివాళ్ళు తమకు తెలిసినట్టు కట్టుకున్నవి, వాటన్నిటినీ కంప్యూటర్ మ్యాపులోకి ఎక్కించడం. రేపు చూడవచ్చేవాళ్ళు గుంపులుగా మీద పడకుండా, ఫోన్లో దారి చూసుకుని నలుగురైదుగురుగా వచ్చి, ఊరికి బరువు కాకుండా చూసి పోతారట. మొదటి మీటింగులో మా కోఆర్డినేటర్ కిషోర్ బాబు గారు ఇది చెబుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఇంటికొచ్చి చెబితే గిద్యోను "ఫొటోలు దీసే పనేగదా" అన్నాడు. సరే, ఫొటోలు తీసే పనే. కట్టడం చుట్టూ ఫోన్ పట్టుకుని మూడు చుట్లు తిరగాలి. నడుం ఎత్తున ఒకటి, కళ్ళ ఎత్తున ఒకటి, చేతులు పైకెత్తి ఒకటి. అడుగుకో ఫొటో. ఆ మూడొందల ఫొటోల్నీ కలిపి కంప్యూటర్ ఒక బొమ్మ కడుతుంది. నల్లటి తెర మీద అది ఏ ఆధారమూ లేకుండా తేలుతూ ఉంటుంది, వేలు పెడితే నిదానంగా తిరుగుతుంది. మా ఊరి చర్చి అలా తేలుతుంటే మొదటిసారి చూసి నేను ఏడ్చాను. చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ళో పడుకుని పాస్టరు గారి వాక్యం వింటూ నిద్రపోయే ముందు, ఆ చర్చి నాకు అచ్చం అలాగే కనపడేది.

ఈ బొమ్మలో ఒక చిత్రం ఉంది. కదిలేవాళ్ళు ఇందులో పడరు. ఒక ఫొటోలో ఉండి తర్వాతి ఫొటోలో లేని మనిషిని కంప్యూటర్ లెక్కలోకి తీసుకోదు. చీపురుతో, బిందెతో, తడిగుడ్డతో అటూ ఇటూ తిరిగే ఆడవాళ్ళు ఎంతమంది ఎదురుపడినా బొమ్మలో ఒక్కరూ ఉండరు. ఊడ్చిన నేల ఉంటుంది, ఊడ్చిన మనిషి ఉండదు. కిషోర్ బాబు గారు దీన్ని గొప్ప సౌకర్యంగా చెప్పారు. నాకేమో మా ఇల్లు గుర్తొచ్చింది. "మా ఫ్లోరా ఇంట్లో ఉన్నట్టే తెలీదు, అంత నిమ్మళంగా చేసుకుపోతాది" అని గిద్యోను చుట్టాల ముందు మెచ్చుకుంటాడు. "నా కోడలు కూసోంగా నేనెప్పుడూ చూళ్ళేదు" అని మా అత్త పోయేదాకా చెప్పుకుంది. ఆ రెండు మాటలకూ నేను మురిసిపోయాను, ఎంత పిచ్చిదాన్నో. ఈ పదిహేనేళ్ళూ ఎవరైనా మా ఇంటి చుట్టూ ఫోన్ పట్టుకుని తిరిగి ఉంటే గిద్యోను కుర్చీ వచ్చేది, టీవీ వచ్చేది, బోర్లించిన గిన్నెలు వచ్చేవి, కొక్కేనికి ఇస్త్రీ చొక్కా వచ్చేది.

పోయిన మంగళవారం దర్గాకు వెళ్ళాను. ఇసక మీద తెల్లగా, మనిషికి రెండింతల ఎత్తు కూడా ఉండదు. గంధం పండగ దగ్గరికొచ్చింది. పండగకు ముందు బయటి గోడలకు గుల్ల సున్నం కొట్టే పని జైతూన్‌బీ అవ్వది. ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఏడాదే మొదలుపెట్టింది, ఇప్పుడు ఆమెకు డెబ్బై ఏళ్ళు దాటాయి. నేను పోయేసరికి పూత ముగించి, గుమ్మం పక్కన మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు, చీర, కనుబొమలు అన్నీ సున్నమే.

"అవ్వా, ఒక్క అరగంట పక్కకు జరుగుతావా? ఫొటోలు దీసుకుంటా."

"యాడికి జరిగేది తల్లీ? సున్నం పచ్చిగా ఉండాది. నేను లేస్తే మేకలొచ్చి నాకి పోతాయి. ఆరిందాకా కూసోవాల."

"ఇంకెవురన్నా చూస్తార్లే."

"ఎవురుండారు? మొగోళ్ళు పండగనాడు వస్తారు. నువ్వు తిరుగు, నేను కదల్లే."

నిజంగానే కదల్లేదు. నేను తిరుగుతుంటే సముద్రం గాలి, తడి సున్నం వాసన, దూరంగా మేకల అరుపు. రెండో చుట్టుకే నేను నడుస్తున్నానో, నిలబడి ఉంటే దర్గాయే తిరుగుతోందో తెలియలేదు. అయిపోయాక ఆమె అడిగింది, "లోపల గూడా దీసినావా?" సమాధి గదిలోకి ఆడవాళ్ళు పోరు. లోపలి ఫొటోలు ఆఫీసు నుంచి వేరే ఆయన వచ్చి తీశాడు, బొమ్మలో కలపడానికి అవి నా ఫోన్లో ఉన్నాయి. చూపించాను. యాభై ఏళ్ళుగా బయట సున్నం కొడుతున్న గోడ లోపలి వైపు ఎలా ఉందో ఆమె మొదటిసారి చూసింది. చాలాసేపు చూసింది.

"సున్నం సరిగ్గా కొట్టలే. పెచ్చులూడతా ఉండాది. మొగోళ్ళ పని" అంది.

మూడు చుట్లూ కదలకుండా ఉన్నందుకు ఆమె బొమ్మలో పడింది. ముఖం స్పష్టంగా లేదు. గుమ్మం పక్కన గోడలోంచే ముందుకొచ్చినట్టు తెల్లటి ఆకారం. ఎక్కడ గోడ ఆగుతుందో, ఎక్కడ మనిషి మొదలవుతుందో తెలియదు.

ఇవాళ పొద్దున కిషోర్ బాబు గారు నేను పంపిన బొమ్మ చూసి ఫోన్ చేశారు. "ఆ గడ్డ ఏందమ్మా? సాయంత్రం ఆరులోపు క్లీన్ చేసి పంపండి."

"అది జైతూన్‌బీ అవ్వండీ."

"ఎవరైనా సరే. టూరిస్టులు కట్టడం కోసం వస్తారు. గుమ్మం పైన రాతిపలక మాత్రం బాగా కనపడాలి, అది చరిత్ర." ఆ పలక మీద రిపేర్ కమిటీ వాళ్ళవి ఏడు పేర్లున్నాయి, ఏడుగురూ మగవాళ్ళే. "మీవి రెండు ఫైళ్ళు ఇప్పటికే వెనక్కొచ్చాయి. ఇదీ వస్తే మీ కాంట్రాక్టు పొడిగించడం నా చేతిలో ఉండదు."

ఆ రెండూ ఎందుకొచ్చాయంటే, చర్చి వెనక ఆరేసిన చీరలు ఒకదాంట్లో, అమ్మవారి గుడి ముందు వరసగా పెట్టిన బిందెలు ఇంకోదాంట్లో నేను చెరపడం మరిచిపోయాను. గిద్యోను వింటూనే ఉన్నాడు. "పోతే పోనీలే, ఇల్లు ఇల్లుగా ఉంటాది" అన్నాడు. నాకు ఈ పని కావాలి. ఈ ఏడాదిలో ఒక్కదాన్నే నడిచినంత దూరం నేను పుట్టాక నడవలేదు.

అందుకే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ తెరిచి, ఆమె చుట్టూ గీత గీసి చెరిపేశాను. ఆమె పోయింది. ఆమెతో పాటు గోడ కూడా పోయింది. ఆమె వెనకున్న గోడ ఏ ఫొటోలోనూ లేదు కదా, మనిషి పడేంత నల్లటి బొక్క మిగిలింది. తెల్లరంగు నింపితే ఎవరికీ తెలియదు, ఆ పనీ నాకొచ్చు. బొమ్మను ఒకసారి తిప్పాను. ఆ బొక్క తిరిగొచ్చి నా ముందు ఆగింది. అందులోంచి, లోపలి ఫొటోల్లో పడిన పెచ్చులూడిన గోడ కనపడుతోంది.

నాకు భలే కోపం వచ్చింది, కిషోర్ బాబు గారి మీద కాదు, నింపడానికి సిద్ధపడ్డ నా చేతి మీద. చెరిపింది వెనక్కి తెచ్చాను. ప్రతి భాగానికీ ఒక పట్టిక ఉంటుంది, గుమ్మానికి, మెట్టుకు, పలకకు. కొత్తది ఒకటి తెరిచాను. భాగం పేరు: జైతూన్‌బీ. వయసు: డెబ్బై పైన. చేసే పని: సున్నం కొట్టడం, ఆరేదాకా కాపలా. తొలగిస్తే కట్టడానికి నష్టం ఉందా: ఉంది, గోడ పోతుంది. పంపేశాను.

తర్వాత ఒక చెయ్యి మాత్రమే ఇస్త్రీ అయిన చొక్కాను అలాగే వదిలి, స్విచ్ తీసి, గుమ్మం మెట్టు మీదికి వచ్చి కూర్చున్నాను. వీపుకు గోడ వెచ్చగా తగిలింది.

సాయంత్రం ఐదున్నరకు గిద్యోను పగటి నిద్ర లేచాడు. "ఫ్లోరా, యాడుండావు?" అంటూ వంటింట్లో చూశాడు, పెరట్లో చూశాడు, పంపు దగ్గర చూశాడు. చివరికి గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏంది, ఒంట్లో బాగలేదా?"

"బాగనే ఉండా."

"మరెందుకు కూసోనుండావు?"

లోపల నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. కిషోర్ బాబు గారై ఉంటారు. గిద్యోను వెనక్కి చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"ఫోన్ మోగతా ఉండాది ఫ్లోరా. చొక్కా గూడా కాలేదు."

నేను కదల్లేదు.