అరువు పూలకుండీలు

అత్త కట్టించుకున్న అరుగును మునిసిపాలిటీ పనివాళ్లు గునపాలతో పొడిచి పగలగొడుతుంటే, వీధి వీధంతా ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని చూసింది.

ఈ మాట ముందే చెప్పుకోవాలి. తర్వాత ఆ వీధి చేసిన పని గొప్పదే, కాదనను. కానీ ఆ పొద్దున మాత్రం అందరూ కూర్చునే చూశారు. సిమెంటు ఇంకా పచ్చి ఆరలేదు. గునపం దిగిన చోటల్లా ముద్దలుగా ఊడి పడుతోంది. పనివాళ్లు తలెత్తకుండా కొడుతున్నారు. ఇంజినీరు గొడుగు కింద నిలబడి, "తప్పదమ్మా, నిబంధన" అని ఎంతో మర్యాదగా అంటున్నాడు. మర్యాదగా మాట్లాడే అధికారిని చూస్తే అత్తకు ఒళ్లు మండుతుంది. తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు కదా.

అత్త ఆ వీధికంతటికీ అత్తే. చాటున మాత్రం అనుమానాల అత్త అంటారు. పాలవాడి చెంబులో వేలు ముంచి చూస్తుంది. కూరగాయలవాడి తక్కెడ కిందికి తల దూర్చి చూస్తుంది. గుడ్డల మిల్లులో పనిచేసే కోడలు ఒకరోజు ఆలస్యంగా వచ్చి, కార్మిక సంఘం మీటింగు జరిగిందని చెబితే, నిజమో కాదోనని సంఘం ఆఫీసుకు పోయి విచారించి వచ్చిన మనిషి. ఆ సంగతి కోడలు ఇప్పటికీ మరిచిపోలేదు.

కిందటి వానలకు అత్త ఇంటి వెనక గోడ కూలి, కప్పు దిగబడిపోయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కొడుకు పెళ్లి చేసి చూసింది కాబట్టి ఇక ఇల్లే మిగిలిందనుకుంది. కొడుకు రైళ్ల మీద తిరిగే ఉద్యోగి, ఇంట్లో కంటే పట్టాల మీదే ఎక్కువ. పని చూసుకునేది అత్తా కోడళ్లే. గోడలు నడుమెత్తు లేచాయో లేదో, అత్త ముందుగా అరుగు కట్టించింది. అరుగే ఆమె ఫ్యాక్టరీ మరి. ఆ వీధిలో ఇళ్లన్నీ సన్నగా, లోతుగా ఉంటాయి. లోపల పట్టపగలే దీపం వెలిగించుకోవాలి. వెలుతురంతా వీధివైపే. కుట్టుమిషను అరుగు మీద వేసుకుని, మరో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి ఆమె చొక్కాలకు కాలర్లు కుడుతుంది. అరుగు లేకపోతే కాలర్లు లేవు. కాలర్లు లేకపోతే పొయ్యి వెలగదు.

"ఏం నిబంధన నాయనా?" అని అడిగింది.

"పాత పేటల్లో కొత్తగా కట్టే ఇళ్లకి నమూనా పెట్టారమ్మా. కొత్త ఇల్లు పేట స్వరూపానికి తగ్గట్టుండాలి. ముందు పదిహేను అడుగులు ఖాళీ వదలాలి. అక్కడ మొక్కలు పెంచుకోవచ్చు. అరుగులు, బయటి మెట్లు కుదరవు."

"పదిహేను అడుగులు వదిలితే నాకు మిగిలేది వంటగది. అందులోనూ పొయ్యి ఉంటే నేనుండను, నేనుంటే పొయ్యి ఉండదు. సరేలే, ఆ పేట స్వరూపమేంటో నాకు చూపించు. అటు చూడు, ఇటు చూడు. ఏ ఇంటికి లేదయ్యా అరుగు?"

ఇంజినీరు అటూ చూడలేదు, ఇటూ చూడలేదు. "సర్వేలో మీ వీధిలో ఒక్క ఇంటికీ అరుగు లేదమ్మా. ఫోటోలున్నాయి. ప్రతి గుమ్మం ముందూ పూలమొక్కలే. అసలు ఆ ఫోటోలు చూసే నమూనా తయారుచేశారు. మీ వీధి ఊరందరికీ ఆదర్శం."

అత్త ఏదో అనబోయి ఆగిపోయింది. వీధిలో ఎవరూ ఆమె ముఖంలోకి చూడలేదు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా ఉండిపోయారు.

పూల సంగతి అందరికీ తెలుసు.

పేట చివర పెద్ద పెద్ద ఇళ్లు కట్టి అమ్మే కాంట్రాక్టరు ఒకడున్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు కాబట్టి నవ్వులాయన అని పేరు. పోయిన ఎండాకాలం ఒకరోజు ఇంటింటికీ వచ్చాడు. "రేపు మునిసిపాలిటీవాళ్లు ఫోటోలు తీయడానికొస్తున్నారు. అరుగుల మీద మిషన్లూ సామాన్లూ కనబడ్డాయంటే జరిమానా. వీధి అందంగా కనబడిందంటే మురుగుకాలవకి మూత. మీరేం కంగారుపడకండి, నేను లేనూ?" అన్నాడు. సాయంత్రానికి లారీ నిండా పూలకుండీలు దిగాయి. నడుమెత్తు మొక్కలు. వాటిని అరుగులకు అడ్డంగా పేర్చారు. జరిమానా భయానికి ఆడవాళ్లు మిషన్లు లోపలికి లాగేశారు. మర్నాడు ఫోటోలు తీశారు. ఆ మర్నాడు అదే లారీ వచ్చి కుండీలన్నీ ఎక్కించుకుపోయింది. కాలవ మాత్రం ఇప్పటికీ మూత లేకుండానే కంపు కొడుతోంది.

ఊరికే వచ్చేది ఏదీ ఊరికే రాదని అత్తకు తెలియదా? తెలుసు. పాలల్లో నీళ్లు పసిగట్టే మనిషి పూలను మాత్రం అనుమానించలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె గుమ్మంలో ఎవరూ ఒక్క పూలకుండీ పెట్టలేదు. ఎర్రవి కావాలని అడిగి మరీ పెట్టించుకుంది.

ఆ సాయంత్రం విరిగిన అరుగు దగ్గర వీధి గుమికూడింది. కోడలు మిల్లు నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది. జుట్టు నిండా దూది నూగు.

"అందరూ చూస్తూ కూర్చున్నారట కదా?" అంది.

"ఏం చేయమంటావమ్మా?" అన్నాడు బడ్డీకొట్టు బాబాయి. ఆయన అరుగు మీదే కొట్టు, కొట్టు మీదే జీవితం. "రూలు కొత్త ఇళ్లకి. మాది మా తాతలనాటి అరుగు. దానిజోలికెవడొస్తాడు? వదినకి జరిగింది అన్యాయమే, నేను కాదన్లా. కానీ..."

"ఆ కానీ దగ్గరే ఉంది కిటుకంతా," అంది అత్త. "అవును మరిదీ, ఆ రోజు నీ కొట్టు ముందు కుండీలు అందరికంటే ఎక్కువ పెట్టాడేం?"

"అంటే ఏంటి వదినా నీ ఉద్దేశం? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడానికి నేనేమన్నా..." అంటూనే ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. జనం గొల్లుమన్నారు. ఆయనకు ఉక్రోషం పొడుచుకొచ్చింది. ఎదురింటామె నవ్వులాయనకు టీ ఇచ్చిందన్నాడు. ఎదురింటామె పక్కింటి డ్రైవరు మీద చెప్పింది. ఆ లారీ తోలింది మీ బావమరిదే కదా అంది. డ్రైవరు లుంగీ ఎగ్గట్టాడు. కాసేపటికి ఎవరు ఎవర్ని అనుమానిస్తున్నారో లెక్క తెలియకుండా పోయింది.

కోడలు విరిగిన రాయి ఎక్కి నిలబడింది.

"ఆగండి! కుండీ పెట్టుకోని ఇల్లేదో చెప్పండి. ఆ ఇంటివాళ్లే మిగతావాళ్లని తిట్టాలి."

డ్రైవరు ఎగ్గట్టిన లుంగీ దింపుకున్నాడు.

"మిల్లులోనూ ఇంతే. మనలో మనం ఒకర్నొకరం కాపలా కాసుకుంటుంటే, యజమానికి కాపలావాడి జీతం మిగులుతుంది. అమ్ముకున్నదెవరని కాదు, కొంటున్నదెవరో చూడండి. చివరి రెండిళ్లూ ఎవడు కొన్నాడు? నవ్వులాయన. ముందు పదిహేను అడుగులు వదలాలంటే మన స్థలాల్లో ఇల్లు పడుతుందా? రెండు మూడు కలిపితేనే పడుతుంది. కలపగలిగేవాడెవడు? మన ఇళ్లన్నీ ఒక్క వయసువే. పోయిన వానకి మాది కూలింది. వచ్చే వానకి ఎవరిదో. కూలిన ప్రతి ఇల్లూ మళ్లీ కట్టుకోవాలంటే కొత్త ఇల్లే. ఒక్కొక్కరుగా వాడి దగ్గరికే పోతాం, బాబాయ్. నీదీ కూలుతుంది."

"శుభం పలకవే తల్లీ," అన్నాడు బాబాయి. కానీ తల ఎత్తి తన కొట్టు కప్పువైపు చూసుకున్నాడు.

అభ్యంతరాలు వినడానికి మునిసిపల్ ఆఫీసులో విచారణ పెట్టారు. వీధిలో సగం మంది పని మానుకుని పోయారు. హాలులో ముందు వరుసలో, అధికారి బల్ల పక్కనే, నవ్వులాయన టీ తాగుతూ కనిపించాడు. "రండత్తా, రండి" అని ఆ ఆఫీసు తన ఇల్లయినట్టు పిలిచాడు.

అధికారి ఫోటోలు గోడ మీద వేయించాడు. అందమైన వీధి. తమ వీధే. గుమ్మం గుమ్మానికీ పూలు. మనుషులు మాత్రం ఒక్కరూ లేరు.

"ఫోటోలు అబద్ధం చెప్పవు కదమ్మా?" అన్నాడు అధికారి.

"ఫోటోలు చెప్పలేదు నాయనా. మేం చెప్పాం," అంది అత్త. "జరిమానాకి భయపడి చెప్పాం. ఆ పూలు మావి కావు. ఇదిగో, ఈయన లారీలో వచ్చాయి, ఈయన లారీలో పోయాయి. ఇప్పుడు మాకా భయం లేదు. వచ్చి ఫోటోలు మళ్లీ తీసుకోండి."

"మళ్లీ సర్వే అంటే ఐదేళ్లాగాలి."

"ఐదేళ్లకి అక్కడ ఫోటో తీయించుకోవడానికి మేముండం."

నవ్వులాయన కప్పు కింద పెట్టాడు. "అంత ఇబ్బందైతే స్థలం నాకిచ్చేయండత్తా. నేను లేనూ?"

అంతవరకు ఎవరి మనసులోనైనా రవ్వంత సందేహం మిగిలి ఉంటే, ఆ 'నేను లేనూ' దాన్ని తీర్చేసింది. మెట్లు దిగుతూ అత్త అంది: "ఇన్నాళ్లూ పాలవాడి చెంబులో వేలు పెట్టాను. వేలు పెట్టాల్సిన చెంబు ఇదే."

వీధికి తిరిగొచ్చాక మళ్లీ వాదన మొదలైంది. అరుగు మళ్లీ కట్టాలని కొందరు, కడితే మళ్లీ కొడతారని కొందరు.

"పాత అరుగుని వాళ్లు ముట్టుకోరు, కొత్తదాన్నే కొడతారు," అంది కోడలు. "ఒక్కటే ఉంటే కొట్టడం తేలిక."

"అయితే ఏంటమ్మా, నీకోసం మేమందరం కొత్తవాళ్లం కావాలా?" అన్నాడు బాబాయి వెటకారంగా.

ఆయన వెటకారంగానే అన్నాడు. కానీ జనం నవ్వలేదు. ఆ వీధిలోనే ఉండే తాపీమేస్త్రీ బీడీ నేలకేసి నలిపి, తన అరుగు దగ్గరికి నడిచాడు. వంగి, అంచు రాయి ఒకటి వేళ్లతో కదిపి చూశాడు. "వస్తుంది," అన్నాడు.

మిల్లుకు సెలవు రోజున పని మొదలుపెట్టారు. ప్రతి ఇంటివాళ్లూ తమ అరుగు నుంచి ఒక రాయి ఊడదీశారు. తీసిన రాయి అత్త ఇంటికి. ఖాళీ అయిన చోట కొత్త రాయి, కొత్త సిమెంటు. అంటే ఇక ఆ వీధిలో పాత అరుగు లేదు. కొత్త పని చేసి నిబంధన మీరని ఇల్లు లేదు. రూలు తాకని మనుషులు దాన్ని చేజేతులా నెత్తికెత్తుకున్నారు. భయం లేక కాదు. ఎదురింటామె రాయి ఊడదీస్తూనే మాటిమాటికీ వీధి మలుపువైపు చూడడం అత్త గమనించింది. తనూ అటే చూస్తోంది.

బాబాయి మాత్రం మధ్యాహ్నం దాకా కొట్టు కదల్లేదు. ఆయన రాడులే అనుకున్నారు. పని ముగింపుకొచ్చే వేళకు గునపం చప్పుడు వినబడింది. వెడల్పాటి పలకరాయిని, మనుషులు కూర్చుని కూర్చుని నున్నబడ్డదాన్ని, డ్రైవరు సాయం పట్టుకుని మోసుకొచ్చాడు.

"వదినా, ఇది మా నాన్న కూర్చున్న రాయి. కింద వేయించకు. పైన పెట్టించు."

అత్త ఆయన్ని అనుమానించినందుకు ఏదైనా అనాలనుకుంది. కొంగుతో ఆ రాయి మీది మట్టి తుడిచింది.

మర్నాడు ఇంజినీరు పోలీసు వ్యానుతో వచ్చాడు. అరుగు మీద అత్త, ఆమె మిషను, కాలర్లు కుట్టే ఆడవాళ్లు. చుట్టూ వీధి నిలబడి ఉంది. ఈసారి ఎవరూ కూర్చోలేదు.

"ఈ అరుగు ఎవరిది?"

"నాది," అన్నాడు బాబాయి. "నాది," అంది ఎదురింటామె. "నాది" అన్న మాట ఈ చివర నుంచి ఆ చివరదాకా పాకింది.

పనివాళ్లలో పెద్దవాడు గునపం నేలకానించాడు. "ఏ రాయి తీయమంటారు సార్? ఒక్కోటి ఒక్కొక్కళ్లదంటున్నారు."

"వీధి మొత్తానికి నోటీసులిస్తాను!" అన్నాడు ఇంజినీరు. మర్యాద ఎటు పోయిందో పోయింది. అత్తకు ప్రాణం హాయిగా అనిపించింది.

"ఇవ్వండి," అంది కోడలు. "సిమెంటు అన్నిచోట్లా పచ్చిగానే ఉంది. చూసుకోండి."

కోడల్ని, బాబాయిని వ్యానెక్కించారు. జనం అడ్డంపడ్డారు. లాఠీలు లేచాయి. డ్రైవరు చెవి మీద నుంచి రక్తం కారింది. కోడలు కిటికీ చువ్వలు పట్టుకుని గట్టిగా అరిచింది: "అత్తయ్యా! ఇవాళ నాకు ఆలస్యమవుతుంది. సంఘం ఆఫీసుకెళ్లి విచారించకు!"

"విచారించడానిక్కాదే, మీటింగుకే పోతాను!" అని అత్త కూడా అరిచింది. ఏడుస్తూనే అరిచింది.

వ్యాను మలుపు తిరిగిందో లేదో, వెనక వీధి నుంచి ఒక పిల్లతల్లి పరిగెత్తుకొచ్చింది. "అత్తా, మా వీధికి పూలకుండీల లారీ వచ్చింది. రేపెవరో ఫోటోలు తీస్తారట. మిషన్లు లోపల పెట్టుకోమంటున్నారు. దింపుకోమంటావా?"

అత్త కళ్లు తుడుచుకుని లేచింది. ఆమె వెంట వీధి కదిలింది.

వెనక వీధి ఇంకా ఇరుకు. లారీ అరుగులకు రాసుకుంటూ ఆగి ఉంది. అంచుల దాకా ఎర్రపూలు. "ఎక్కడ దించమంటారు?" అన్నాడు తోలేవాడు.

అత్త ఒక కుండీ దగ్గరికి పోయి, పాలచెంబులో ముంచినట్టే, మట్టిలో వేలు ముంచి చూసింది. ఆ అలవాటు మానేది కాదు.

"ఎక్కణ్ణించి తెచ్చావో అక్కడే దించు నాయనా."

లారీ తిప్పుకోవడానికి అక్కడ చోటు లేదు. వచ్చిన దారినే వెనక్కి నడవాలి. రెండు వీధుల జనం అరుగులెక్కి నిలబడి, లారీ ఒంటి మీద అరచేతులతో చరుస్తూ దారి చూపించారు.

"పోనీ! పోనీ! ఇంకా పోనీ!"