ప్రింటర్ల డాక్టరు

ఆసుపత్రిలో అందరూ అతన్ని ప్రింటర్ల డాక్టరు అనేవారు. అతని అసలు ఉద్యోగం యునిక్స్ సర్వర్లు చూసుకోవడం. కానీ ఏ వార్డులో ప్రింటర్ మొరాయించినా కబురు అతనికే. ఆ పోరు పడలేక స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకున్నాడు. అది నెట్‌వర్క్‌లోని ప్రింటర్లన్నిటినీ మాటిమాటికీ పలకరించేది: ఉన్నావా, కాగితం ఉందా, ఏమైనా ఇరుక్కుందా? జవాబు తేడాగా ఉంటే లాగ్‌లో రాసి, అతని ఫోన్‌కు సందేశం పంపేది.

సర్జరీ వార్డు ప్రింటర్ మాత్రం ఓ మొండి ఘటం. కాసేపు పని లేకపోతే నిద్రలోకి జారుకుని, పలకరిస్తే పలికేది కాదు. ఫోన్ మోగేది. పరుగున వెళ్తే లక్షణంగా పనిచేస్తూ కనిపించేది. అన్నం ముందు కూర్చున్నా అదే మోత.

"దాన్నే పెళ్ళి చేసుకోవాల్సింది మీరు" అంది భార్య ఒకరోజు. నవ్వుతూనే అంది గాని అతనికి ఒళ్ళు మండింది. స్క్రిప్టు తెరిచి, ఆ ప్రింటర్ లైనును వదిలేసేలా దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టేశాడు. ఇక దాన్ని పలకరించేవాళ్ళు లేరు. తీరిక దొరికాక సరిచేద్దామనుకున్నాడు, మరిచిపోయాడు.

ఒక ఉదయం పెద్ద సర్జన్ కేకలు కారిడార్ దాకా వినిపించాయి. ఆపరేషన్‌కు సిద్ధం చేసిన పెద్దాయన రక్తపరీక్ష రిపోర్టు సర్జరీ వార్డుకు రాలేదట. ల్యాబు అక్క తల వంచుకుని నిలబడి ఉంది.

"నేను తెల్లారే పంపేశాను సార్."

"పంపితే ఏదమ్మా? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా పడుకునున్నాడు. అబద్ధమైనా కుదురుగా చెప్పు!"

ఆమె కళ్ళు నిండాయి. గుమ్మంలో నిలబడ్డ అతనికి సంగతి అర్థమైంది: ఆ ప్రింటర్‌ను పలకరించడం మాన్పించింది తనే. తప్పు నాదంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నేను చూస్తాను సార్" అని మాత్రం అన్నాడు.

సర్వర్‌లో చూస్తే, కాగితం ఇరుక్కోగానే ప్రింటు కావాల్సిన రిపోర్టుల క్యూ ఆగిపోయి ఉంది. ఇరుక్కున్నదాన్ని వార్డులో ఎవరో లాగేశారు గాని, క్యూ మళ్ళీ తెరవాల్సింది అతనే. తెరిచాడు. అతను వార్డుకు వచ్చేసరికి ప్రింటర్ రిపోర్టులన్నీ గబగబా కక్కుతోంది. పైన ల్యాబు నుంచి పంపిన వేళతో సహా.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళం!" అంది హెడ్ నర్సు. సర్జన్ అతని భుజం తట్టి ఆపరేషన్ గదికి వెళ్ళాడు. ల్యాబు అక్క కళ్ళు తుడుచుకుంది.

"నా పరువు నిలబెట్టావు తమ్ముడూ."

ఆ మాటతో అతనికి చచ్చినంత పనైంది. ఆమె వెనకే మెట్ల దాకా వెళ్ళి, జరిగిందంతా చెప్పేశాడు.

"ఆయన నన్ను తిడుతుంటే నువ్వక్కడే ఉన్నావుగా?"

"ఉన్నానక్కా."

"నన్ను తిట్టింది అంతమందిలో. నువ్వేమో మెట్ల కింద చెవిలో చెబుతున్నావు."

ఆమె వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పడానికి సర్జన్ వార్డుకు వచ్చాడు. నర్సులు, పెద్దాయన కూతురు, అందరూ ఉన్నారు. ప్రింటర్ల డాక్టరు ముందుకొచ్చి, తను చేసింది చెప్పాడు.

"మరి పొద్దున భుజం తట్టించుకున్నావే?" అన్నాడు సర్జన్.

ఎవరూ అతని మొహం వైపు చూడలేదు.

సర్జన్ ల్యాబు వైపు నడిచాడు. అతనూ వెనకే వెళ్ళాడు.

"పొద్దున నోరు జారానమ్మా. తప్పు నీది కాదు" అన్నాడు సర్జన్.

"సరే సార్" అందామె. ప్రింటర్ల డాక్టరు వైపు తల తిప్పలేదు. "చూడాల్సినవి చాలా ఉన్నాయి" అంటూ రక్తం గొట్టాల స్టాండు ముందుకు లాక్కుంది.