ఐదు నిమిషాలు మిగిలిన ఆట

సరోజ చేసే ఉద్యోగం ఏమిటో కోడేరులోని చుట్టాలకు వివరించడం ఆమె ఎప్పుడో మానుకుంది. కంప్యూటర్ల పని అంటే తల ఊపి ఊరుకుంటారు. తండ్రి యేసయ్యకు మాత్రం ఒకసారి కూర్చోబెట్టి చెప్పింది. హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ ‘కూత’ అనే ఫోన్ ఆటను తయారుచేసింది. కబడ్డీయే. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని ఆడతారు. పద్నాలుగు మందీ ఒకే బరిలో ఉన్నట్టు కనిపించాలంటే ఆ బరి ఎక్కడో ఒక సర్వర్ మీద నడవాలి. అలాంటి సర్వర్లను కంపెనీ అద్దెకు తీసుకుంటుంది. ఆడేవాళ్లు పెరిగితే ఎన్ని తెరవాలి, తగ్గితే ఏవి మూయాలి, హైదరాబాద్‌లో ఎన్ని ఉంచాలి, ముంబైలో ఎన్ని ఉంచాలి, ఒక్కోదాని మీద ఎన్ని ఆటలు నడపాలి, ఈ నియమాలన్నీ రాసిపెట్టడం సరోజ పని. ఆ సర్వర్ల గుంపును ఆఫీసులో ఫ్లీట్ అంటారు.

"అంటే గుంపు మేస్త్రి పనే గదా," అన్నాడు యేసయ్య. ఆయన ముప్పై ఏళ్లపాటు కోడేరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలీలను బొంబాయికీ పుణెకూ తీసుకెళ్లి పని చేయించినవాడు.

"అట్లనే అనుకో నాయినా," అంది సరోజ.

ఆయనకు నడుము దెబ్బతిన్నాక సరోజ తల్లితో సహా ముగ్గురూ వనపర్తిలో ఒక మేడ మీది వాటాలోకి వచ్చేశారు. సరోజ అక్కడి నుంచే పని చేస్తుంది. కంపెనీలో మిగతా అందరూ హైదరాబాద్‌లోనే. ఆమె కోసం మేనేజరు భాస్కర్ పైవాళ్లకు పూచీ ఇచ్చి అనుమతి ఇప్పించాడు.

ఆ ఆదివారం కాలేజీ జట్ల పోటీలో క్వార్టర్ ఫైనల్స్, సెమీఫైనల్స్ ఒకే రోజు పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లు తామూ నాలుగు ఆటలు ఆడతారు కాబట్టి మధ్యాహ్నానికి విపరీతమైన రద్దీ ఉంటుందని సరోజకు తెలుసు. నలభై సర్వర్లు ముందే తెరిచి సిద్ధంగా ఉంచింది. రెండు గంటల ఉధృతిని ఫ్లీట్ చక్కగా తట్టుకుంది. నాలుగు దాటాక జనం పలచబడ్డారు. ఆమె రాసిన నియమం ప్రకారం అక్కర్లేని సర్వర్లు ఒకటొకటిగా మూతబడటం మొదలైంది. అనుకున్నట్టే జరుగుతోందని సరోజ టీ పెట్టుకోవడానికి లేచింది.

ఆమె గ్లాసుతో తిరిగి వచ్చేసరికి ఆఫీసు గ్రూపులో ఇరవై సందేశాలు ఉన్నాయి. రెండో సెమీఫైనల్ మధ్యలో ఆగిపోయింది. గద్వాల అమ్మాయిల జట్టుకూ నాసిక్ జట్టుకూ మధ్య ఆట అది. నాసిక్ 31, గద్వాల 27. ఇంకా ఐదు నిమిషాలు ఉంది. ఆట మళ్లీ తెరుచుకోలేదు. సరోజ కారణం వెతికేలోపే పోటీ నిర్వాహకులు ప్రకటన పెట్టేశారు. గద్వాల జట్టు వైపు నెట్ తెగిపోవడం వల్ల ఆట ఆగిందనీ, చివరి స్కోరు ప్రకారం నాసిక్ గెలిచిందనీ అందులో ఉంది. గద్వాల అనగానే అందరికీ ఆ కారణమే తోచింది. ఎవరూ అనుమానించలేదు.

సరోజ లాగ్‌లు తెరిచింది. ఎవరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు తెగిపోయారో అందులో సెకండ్లతో సహా ఉంటుంది. నాలుగు గంటల పదిహేడు నిమిషాలకు పద్నాలుగు మందీ ఒకే సెకండులో తెగిపోయారు. నాసిక్ వాళ్లతో సహా. నెట్ సమస్య అయితే అలా పోరు. సర్వరే పోయింది.

ఎందుకు పోయిందో చూసింది. ఆ సర్వర్ మీద పది ఆటలకు చోటు ఉండగా ఒక్క సెమీఫైనలే నడుస్తోంది. దాదాపు ఖాళీగా ఉందని లెక్క తేలి, ఫ్లీట్ దాన్ని మూసేసింది. ఆట నడుస్తున్న సర్వర్‌ను మూయకూడదనే రక్షణ ఒకటి ఉంటుంది. అది తీసేసి ఉంది. తీసింది ఎవరో కూడా అక్కడే ఉంది. గురువారం పొద్దున పదకొండు నలభైకి, సరోజ.

ఆమెకు గుర్తొచ్చింది. గురువారం రెండు సర్వర్లు మొండికేసి మూతపడకపోతే, వాటిని మూయడానికి ఐదు నిమిషాల కోసమని రక్షణ తీసింది. అంతలో ఏదో ఫోన్ వచ్చింది. మళ్లీ పెట్టలేదు.

మొదట చేయాల్సింది మొదట చేసింది. రక్షణ మళ్లీ పెట్టింది. ఆ తర్వాత చాలాసేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది.

"ముఖం గట్ల పెట్టినవేంది?" అన్నాడు చర్చి నుంచి వచ్చిన యేసయ్య.

ఆమె జరిగింది చెప్పింది. ఆయన నడుము పట్టుకుని మెల్లగా మంచం మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పకుంటే ఎవరికన్న తెలుస్తదా?"

"ఎవరన్న తవ్వితే తెలుస్తది. ఎవరు తవ్వుతరు? అందరూ నెట్ పోయిందనే అనుకుంటుండ్రు."

"చెప్తే నౌకరి పోతదా?"

"తెల్వదు నాయినా."

సరోజకు తాను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి సంగతి మనసులో మెదిలింది. పుణెలో ఒక కట్టడం దగ్గర స్లాబ్ ఆరకముందే దాని కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు విప్పమని ఇంజనీరు తొందరపెట్టాడు. విప్పారు. స్లాబ్ కుంగింది. దేవుడి దయవల్ల కింద ఎవరూ లేరు. విప్పమన్న ఇంజనీరు నోరు మెదపలేదు. పాలమూరు మేస్త్రికి పని రాదన్నారు. ఆ తర్వాత ఏడాదిపాటు యేసయ్యను ఎవరూ పనికి పిలవలేదు. తండ్రికి ఇప్పుడు అది గుర్తుందో లేదో ఆమె అడగలేదు. ఫోన్ తీసి భాస్కర్‌కు కలిపింది.

"సార్, గద్వాల వాళ్ల నెట్ పోలేదు. సర్వర్‌ను మూసింది మన ఫ్లీటే. గురువారం నేను రక్షణ తీసిన. మళ్ల పెట్టలే."

భాస్కర్ గొంతు తగ్గించాడు.

"ప్రకటన బయటికి పోయింది సరోజా. ఇప్పుడు తప్పు మనదంటే ఈ పోటీ ఎవరు నమ్ముతరు? వచ్చేవారం ఫైనల్ కానియ్యి. లోపల లోపల సరిచేసుకుందం."

"నేను నివేదిక రాసి పెడుతున్న సార్. లాగ్‌లు కూడా జతచేస్త."

"నువ్వు వనపర్తి నుంచి చేస్త అన్ననాడు పూచీ ఇచ్చింది నేను. యాదుందా?"

"ఉంది సార్. అందుకే ముందు మీకు చెప్పిన."

భాస్కర్ ఫోన్ పెట్టేశాడు. సరోజ నివేదికలో సాకులు చెప్పలేదు. మొండికేసిన సర్వర్ల ఊసు కూడా ఒక్క వాక్యంలో ముగించింది. సోమవారం అంతా ఏ కబురూ లేదు. రెండుసార్లు అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచింది. మంగళవారం మధ్యాహ్నం భాస్కరే ఫోన్ చేశాడు. ప్రకటన సవరిస్తున్నారు. శనివారం మూడు గంటలకు సెమీఫైనల్ మొదటి నుంచి ఆడిస్తారు. మూడు నెలలపాటు సరోజ ఫ్లీట్‌లో ఏ మార్పు చేయాలన్నా తోటి ఇంజనీరు వినయ్ చూసి సరే అనాలి. "జట్టుకు నువ్వే ఫోన్ చేసి చెప్పు," అన్నాడు. గొంతులో కోపం ఇంకా ఉంది.

గద్వాల జట్టు కెప్టెన్ పేరు వసంత. డిగ్రీ రెండో సంవత్సరం. సరోజ చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది.

"ఈ ముచ్చట నాకు కాదక్కా, జములమ్మకు చెప్పాలె," అంది చివరికి. "మా అందర్ల పాత ఫోన్ దానిదే. దాని ఫోన్ వల్లనే పోయిందని ఆదివారం అందరం దాని మీద పడ్డం. నేను ఎక్కువనే అన్న. హాస్టల్ నుంచి బ్యాగు సర్దుకోని ఊరికి పోయింది. అదే మా రైడర్. అది లేకుంటే శనివారం ఎట్ల ఆడుతం?"

"నంబర్ ఇయ్యి, నేను మాట్లాడుత."

"ఎవరు చేసినా ఎత్తుతలేదు. మీరే రాండ్రి."

బుధవారం సెలవు పెట్టి సరోజ పొద్దున్నే బస్సెక్కింది. ఆత్మకూరులో దిగి ఇంకో బస్సు మారి, జూరాల మీదుగా గద్వాల చేరింది. బస్టాండు దగ్గర వసంత ఎదురుచూస్తోంది. మోకాలికి పట్టీ ఉంది. బరిలో ఆడుతూ జారి పడి, డాక్టరు ఆడొద్దన్నాక ఫోన్లో జట్టు కట్టానని ఆటోలో వెళ్తూ చెప్పింది.

జములమ్మ వాళ్లు కౌలుకు తీసుకుని విత్తనపత్తి వేశారు. పదిన్నరకు వీళ్లు వెళ్లేసరికి చేనులో క్రాసింగ్ నడుస్తోంది. మగ మొక్కల నుంచి కోసిన పూలను, ముందురోజు సిద్ధం చేసిన మొగ్గలకు ఒక్కొక్కటిగా తాకిస్తూ పోవాలి. ఎండ ముదరకముందే ముగించాలి. జములమ్మ వీళ్లను చూసింది. ఆగలేదు.

"ఈ సాలు అయినంక మాట్లాడుత," అంది.

గట్టు మీద నిలబడి ఎదురుచూశారు. సాలు అరగంట పట్టింది. చేతులకు అంటిన పసుపు పుప్పొడి లంగాకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది జములమ్మ. సరోజ తానెవరో చెప్పింది. తర్వాత జరిగింది చెప్పింది. పద్నాలుగు ఫోన్లూ ఒకే సెకండులో ఎలా తెగిపోయాయో చూపే కాగితం తెచ్చింది. అది చేతికిచ్చింది.

జములమ్మ పద్నాలుగు వరుసలూ వేలు పెట్టి చదివింది. తన పేరు దగ్గర వేలు ఆగింది.

"అయితే నా ఫోన్ కాదు."

"కాదు. ఆట మొదలైనప్పటి నుంచి నీది ఒక్కసారి గూడ తెగలే."

"నేను అన్నది తప్పే జములూ," అంది వసంత.

"నువ్వు ఒక్కదానివే అన్నవా? ఆరుగురు అన్నరు. నాకు గూడ నా ఫోనే అనిపించింది. మూడు దినాల సంది దాన్ని ముట్టలే." జములమ్మ సరోజ వైపు తిరిగింది. "మీ నౌకరి పోయిందా అక్కా?"

"లేదు. మూడు నెలలు ఏం మార్చాలన్నా ఇంకొకరు చూసి ఒప్పుకోవాలె."

"గంతేనా?"

"గంతే," అంది సరోజ.

జములమ్మ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "రేపటికి ఈ మడి అయిపోతది. ఎల్లుండి వస్త. ఫోన్ మాత్రం ఇదే, ఇంకోటి లేదు," అని వసంతతో చెప్పి మళ్లీ చేనులోకి దిగింది. వసంత చెప్పులు విడిచి ఆమె వెనకే పక్క సాలులోకి వెళ్లింది. ఎలా చేయాలో జములమ్మ కసురుతూ నేర్పుతుంటే సరోజ కాసేపు చూసి, ఆటో ఎక్కింది.

శనివారం మూడు గంటలకు ఆట మొదలైంది. సరోజ ఆట చూడలేదు. సర్వర్ల పట్టిక చూస్తూ కూర్చుంది. మూడున్నరకు జనం తగ్గి, చుట్టుపక్కల ఖాళీ సర్వర్లు ఆరు మూతబడ్డాయి. సెమీఫైనల్ ఉన్నది మాత్రం చివరిదాకా నిలబడింది. అప్పుడు స్కోరు చూసింది. నాసిక్ 36, గద్వాల 34. జములమ్మ ఒక్కతే పందొమ్మిది పాయింట్లు తెచ్చింది. వాటిలో చివరి నాలుగూ ఆఖరి రెండు నిమిషాలలో వచ్చాయి. అయినా చాలలేదు.

సాయంత్రం వసంత ఫోన్ చేసింది. ఓడిన బాధ గొంతులో తెలుస్తూనే ఉంది.

"మేము ఓడింది ఓడినం, దాంట్ల మాటే లేదు. గని ఒకటి చూడండక్కా. జములు వెనక్కి వచ్చే బటన్ నొక్కినంక గూడ ఆటల బొమ్మ జరసేపు ఆడనే ఉంటుంది. రెండుసార్లు గట్లనే దొరికిపోయింది. నాసిక్ వాళ్లకు అట్ల లేదంట."

సరోజ చూసింది. వసంత చెప్పింది నిజమే. గద్వాల వాళ్లకు హైదరాబాద్ దగ్గర. కానీ రెండు జట్లు వేర్వేరు చోట్ల ఉంటే ఆటను ముంబైకే పంపే నియమం ఒకటి ఉంది. ఆ ఊరు నాసిక్‌కు దగ్గర. ఎప్పుడో, ముంబై వాళ్లే ఎక్కువ ఆడే రోజుల్లో, సరోజ చేరకముందు ఎవరో రాసినది. ఇద్దరికీ ఆలస్యం సమానంగా పడే చోటును ఎంచుకునేలా సరోజ దాన్ని తిరగరాసింది. పరీక్షించి చూసింది. ఇదివరకైతే ఒక్క నొక్కుతో పెట్టేసేది.

ఇప్పుడు వినయ్‌కు పంపింది. పది నిమిషాల్లో అతను తిరిగి రాశాడు. "ఒక జట్టులోనే నలుగురు ఒక ఊళ్లో, ముగ్గురు ఇంకో ఊళ్లో ఉంటే?"

ఆ సంగతి ఆమెకు తట్టలేదు. కుర్చీ ముందుకు లాక్కుని మళ్లీ మొదలుపెట్టింది.