గుడి కాపలా, ఖాళీ పెరుగు డబ్బాలు

మా ఆయన మీద నా ఫిర్యాదు ఒక్కటే. ఏ పని అప్పగించినా ముందు దానికి యూనిఫారం కొనుక్కొస్తారు. గ్రిల్ దగ్గర నిలబడమంటే ఏప్రన్ వచ్చింది. వాకిట్లో మంచు తియ్యమంటే ఎవరెస్టు ఎక్కేవాళ్ల బూట్లు వచ్చాయి. అలాంటి కేశవరావుగారిని మా గుడి కమిటీవాళ్లు సెక్యూరిటీ ఇన్‌ఛార్జ్‌ని చేశారు. నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని.

వాళ్ల భయం వాళ్లది. ఎవరో గుడి కిటికీ మీద రాయి విసిరిపోయారు. ఎవరో తెలియలేదు. మర్నాటికి మా ఇంట్లో నల్ల టీషర్ట్, వాకీటాకీ ప్రత్యక్షం.

పక్కింటి సాల్ ఫెల్డ్‌మన్ గారిని పట్టుకొచ్చిందీ ఈయనే. సాల్ గారు యూదులు, రిటైరైన హిస్టరీ టీచరు. ప్రతి శనివారం వాళ్ల ప్రార్థనామందిరం సినగాగ్ తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లందర్నీ పలకరించే కాపలా ఆయనది.

"ఆత్మరక్షణ గురించి వాళ్లకి తెలిసినట్టు ఎవరికి తెలుసు వేణీ! నాలుగు ముక్కలు చెప్పించుకుందాం" అన్నారు మా ఆయన. గుడి బేస్‌మెంట్‌లో ఉపన్యాసం ఏర్పాటైంది. కాఫీ ఫ్లాస్కులు నా పూచీ కాబట్టి మధ్యలో లేచి వెళ్లే వీల్లేక మొత్తం విన్నాను.

సాల్ గారు చాలా వెనక్కి వెళ్లారు. రెండు వేల ఏళ్ల పైమాట. విశ్రాంతి దినాన ఆయుధం పట్టకూడదని, శత్రువు మీద పడుతున్నా కదలకుండా చచ్చిపోయారట వాళ్ల వాళ్లు. మిగిలినవాళ్లు కూర్చుని, ఇలాగైతే మనమే ఉండం, మీదికొస్తే ఆ రోజైనా ఎదుర్కొందాం అని తీర్మానించుకున్నారట. తర్వాత రష్యా. 1903లో కిషినేవ్ అనే ఊళ్లో అల్లరిమూకలు యూదుల ఇళ్ల మీద పడి నలభై మందికి పైగా చంపేశాయి. కొన్ని నెలలకి గోమెల్లో అదే జరగబోతే కుర్రాళ్లు, మాంసం కొట్టేవాళ్లు, మూటలు మోసేవాళ్లు చేతికందింది పట్టుకుని వీధి మొదట్లో నిలబడ్డారు.

"అందులో మా తాత ఒకడు" అన్నారు సాల్ గారు. "ఆ తర్వాత పాలస్తీనాలో పొలాలకి కాపలాదళాలు, ఆ తర్వాత సొంత దేశం, సైన్యం. దేశం సన్నటిది. వెనక్కి తగ్గడానికి చోటు లేదు. అందుకని దెబ్బ పడేదాకా ఆగకూడదనే సిద్ధాంతం వచ్చింది. అది ఎక్కడ సబబు, ఎక్కడ కాదు అని మా ఇంట్లో భోజనాల దగ్గర ఇప్పటికీ అరుచుకుంటాం."

ఇంత చరిత్రలోంచీ మా ఆయన ఇంటికి తెచ్చుకున్నది ఒక్క ముక్క. దెబ్బ పడేదాకా ఆగకూడదు.

తర్వాతి శనివారం నేను గుడి వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. పెరటి తలుపు వైపు నుంచి ఇంగ్లీషులో మా ఆయన గొంతు. "బ్యాగ్ కింద పెట్టు! చేతులు పైకి!"

పసుపు చేతులతోనే పరుగెత్తాను. హుడ్ కప్పుకున్న ఒక కుర్రాణ్ణి గోడకి అదిమి, చెయ్యి వెనక్కి మెలిపెట్టి పట్టుకున్నారు.

"అంకుల్, నేనేం చెయ్యలే అంకుల్!"

తెలుగు వినిపించాక కూడా పట్టు వదల్లేదు. ఈలోగా ఇంకో వాలంటీరు పోలీసుల్ని పిలవడం అయిపోయింది. వాళ్లొచ్చి బ్యాగ్ తెరిచారు. శుభ్రంగా కడిగిన ఖాళీ పెరుగు డబ్బాలు.

పేరు సృజన్. జగిత్యాల నుంచి ఎమ్మెస్‌కి వచ్చాడు. రూమ్మేట్లకి కూడా ప్రసాదం పట్టుకెళ్దామని డబ్బాలు తెచ్చుకున్నాడు. లైన్లో అందరి ముందూ వాటిని బయటికి తియ్యడానికి సిగ్గేసి పెరటి దారిన వచ్చాడు. పోలీసులు మా ముందే పేరు, అడ్రసు, ఫోన్ నంబరు రాసుకుని, జాగ్రత్తలు చెప్పి వెళ్లిపోయారు.

"ఆంటీ, నా పేరు రాసుకున్నరు. వీసాకేమన్నా అయితదా?" అన్నాడు నాతో. ముందు లోపలికొచ్చి అన్నం తిను అన్నాను. తినలేదు. డబ్బాలు కూడా వదిలేసి పోయాడు.

మళ్లీ గుడికి రాలేదు.

డబ్బాలు తెచ్చి మా ఇంట్లో మా ఆయన కాఫీ తాగే చోట వరసగా పెట్టాను. పొద్దున్నే వాటి మధ్య కప్పు పెట్టుకోడానికి చోటు వెతుక్కుంటూ ఆయన అన్నారు:

"ప్రొటోకాల్ ప్రకారమే చేశాను."

"కాదని ఎవరన్నారు?"

"నువ్వు అనలేదు. డబ్బాలు పెట్టావు."

"ఖాళీ డబ్బాలకి కూడా భయపడితే ఎలాగండీ!"

ఆయన నవ్వలేదు. టీషర్ట్ వాషర్‌లో పడింది కానీ మళ్లీ ఒంటి మీదికి రాలేదు. తెలిసిన లాయర్ని కనుక్కున్నారు. కేసేమీ లేదు, వీసాకి ఇబ్బంది ఉండదన్నాడు. ఆ సంగతి కుర్రాడికి ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటే, "చేస్తాలే" అంటారు. చెయ్యరు. చేస్తే ఇంకోటి కూడా చెప్పాలి మరి.

చివరికి కంచె దగ్గర సాల్ గారిని ఆపి అడిగారు. "నా చోట మీరుంటే అదే చేసేవారు కదా?"

"మా తాత తమ్ముడి కథ చెప్పాను గుర్తుందా?"

"ఎప్పుడు?"

"ఆ రోజు ఉపన్యాసంలో, నువ్వు ప్రొజెక్టర్ వైరు సరిచేస్తున్నప్పుడు" అన్నారు సాల్ గారు. "పాలస్తీనాలో, గలిలీ వైపు పొలాలకి కాపలాదారు ఆయన. మా ఇంట్లో అందరికీ హీరో. ఒకరోజు బావి దగ్గర ఒక గొర్రెల కాపరిని దొంగనుకుని చితకబాదాడు. నీళ్లకొచ్చాడు పాపం. దాంతో రెండు ఊళ్ల మధ్య ఏళ్ల తరబడి పగ. నిలబడ్డం మా వాళ్లు కష్టపడి నేర్చుకున్నారు కేశవ్. వచ్చినవాడెవడో ముందు చూడాలన్నది ఇంకా కష్టం. నేను తలుపు దగ్గర అందర్నీ పలకరించేది అందుకే. ఆ ముసలాయన చచ్చిపోయేదాకా 'ఎండ కళ్లలో పడింది' అనే చెప్పాడు. తప్పు చేశానని మాత్రం అనలేదు. మేమూ అడగలేదు."

మా ఆయన లోపలికొచ్చి డబ్బాల ముందు నిలబడ్డారు. "ఇందులో ఏమైనా పెడతావా?"

పులిహోర, పప్పు, వంకాయ కూర, పెరుగన్నం పెట్టాను. ఐసెలిన్‌లో సృజన్ వాళ్ల అపార్ట్‌మెంట్‌ దాకా కారంతా ఇంగువ వాసన, మా ఆయన రిహార్సల్. "ఆ రోజు పరిస్థితి ఎలాంటిదంటే..." రెడ్ లైట్ పడ్డప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చేవారు.

తలుపు తీసి మమ్మల్ని చూడగానే సృజన్ ఒకడుగు వెనక్కి వేశాడు. అది మా ఆయన చూశారు.

"బాబూ, లాయర్ని అడిగాను. నీ వీసాకేం కాదు. ఆ రోజు పరిస్థితి..."

"పర్లేదు అంకుల్" అన్నాడు సృజన్, నేల చూస్తూ. "తప్పు నాదే. హుడ్ తీసి ముందు నుంచి రావాల్సింది."

మా ఆయన డబ్బాలు నా చేతికిచ్చారు. దారంతా వల్లించిన వాక్యం ఎటు పోయిందో తెలీదు.

"నీది కాదు నాన్నా" అన్నారు. "నువ్వు అన్నానికొచ్చావు. నేను చూడకుండా చెయ్యి చేసుకున్నాను. తప్పు నాది."