వయోభారం

మౌలాలీ బాబాయి ఆసుపత్రి కార్డు మూలను కాంపౌండరు పున్నారావు కత్తెరతో కత్తిరించి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడట. "రిటైరైపోయావుగా, ఇంక నీకిక్కడ మందుల్లేవు" అన్నాడట. ఇరవై ఎనిమిదేళ్లు నెలనెలా జీతంలో ఆసుపత్రి పేరు చెప్పి కోసుకున్న సిమెంటు ఫ్యాక్టరీ, మనిషికి ఊపిరాడని రోజు చూసి కార్డు కూడా కోసింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది.

అది ఎనభై ఆరు వేసవి. మాచర్లలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్కటే గోడ. అవతల ఆయన దగ్గు మొదలైతే నా కుట్టుమిషను చప్పుడు నాకే వినపడదు. ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఇచ్చే మాత్రలు, ఇంజెక్షన్ల పుణ్యమా అని ఇన్నాళ్లూ లేచి తిరిగాడు. అవి బయట కొనడం వాళ్ల తరం కాదు. ఆగిపోయి పన్నెండు రోజులైంది. పడుకుంటే ఊపిరందక, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు.

ఇందులో ఇంకో దరిద్రం ఉంది. ఆయనకు నిజంగా యాభై ఏళ్లే. కాగితాల్లో యాభై ఎనిమిది. క్వారీలో రాయి పేల్చే పనికి ముప్పై నిండిన నిదానస్తులే కావాలన్నారట అప్పట్లో. మేస్త్రీ పెద్దన్న ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి మీసాలు పెంచమని, నెల తర్వాత తీసుకెళ్లి ముప్పై అని రాయించాడు. గుమాస్తా మీసాలు చూసి రాసేసుకున్నాడు. పేల్చే పనిలో నాలుగు డబ్బులు ఎక్కువని ఈయన సంబరపడ్డాడు.

"నీ మీసాలు తగలెయ్య! ఎనిమిదేళ్లు మింగేశాయి గదయ్యా" అని కుల్సుం పిన్ని తిడుతూనే ఆయన వీపు నిమురుతోంది.

యూనియన్ జక్కయ్య రెండు దార్లు చెప్పాడు. వయసు తక్కువని డిస్పెన్సరీ డాక్టరు రాసిస్తే ఉద్యోగం నిలబడుతుంది. అది కుదరకపోతే, జబ్బు పని వల్లే వచ్చిందని రాసివ్వాలి. అలా రాస్తే రిటైరైనా బతికినంతకాలం మందులివ్వాలని కంపెనీ రూల్సులోనే ఉందట. రెండూ ఆ డాక్టరు కలంలోనే ఉన్నాయన్నమాట.

మర్నాడు పొద్దున్నే పిన్నీ బాబాయీ ఇద్దరూ వెళ్లారు. బాబాయి నోరు తెరిపించి చూశాడట డాక్టరు. పళ్లు సగం లేవు. జుట్టు తెల్లబడింది, నడుం వంగింది. "యాభయ్యా? అరవై రెండుకు తక్కువుండవు. నాలుగేళ్లు ఎక్కువే ఉంచారు, సంతోషించు" అన్నాడట. కాగితం మీద అదే రాశాడు. జబ్బు సంగతి కూడా రాయమని పిన్ని బతిమాలితే కింద ఇంకో వాక్యం రాసి ముద్ర వేశాడు.

పిన్ని నవ్వుకుంటూ వచ్చింది. "వయసు పోతే పోయింది ఇందిరా, జబ్బు సంగతి రాశాడు. చదువమ్మాయ్."

ఇంటరు తప్పినదాన్నయినా ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు. చదివాను.

"ఏందే, చెప్పు."

"వయోభారం వల్ల వచ్చిన ఆయాసమట పిన్నీ. పనితో సంబంధం లేదని రాశాడు."

చదువురాని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దణ్ణం పెట్టించుకుని మరీ అబద్ధం రాసిచ్చాడు. పిన్ని చెప్పులు వేసుకుంది. నేను మిషను మీద సగం కుట్టిన జాకెట్టు వదిలేసి వెంట నడిచాను.

డిస్పెన్సరీ వరండాలో క్వారీవాళ్లు పదిమంది దాకా వరసలో ఉన్నారు. ఆపబోయిన పున్నారావును తోసుకుని లోపలికి పోయాం.

"మళ్లీ ఏంటమ్మా? ఈవిడెవరు?" అన్నాడు డాక్టరు.

"చదువొచ్చిన పిల్లండీ" అంది పిన్ని. "యాబై ఏళ్ల మనిషిని అరవై రెండేళ్లోడని రాశారు. మీసాలు దిన్నది ఎనిమిదేళ్లే, అదీ కాగితం మీద. ఒంట్లో పన్నెండేళ్లు ఎవరు దిన్నారో అది గూడా రాయండి."

"ముందు బయటికి నడవండి!"

"రాసిందాకా కదల్ను."

బల్ల మీద బాబాయి ఫైలు ఇంకా తెరిచే ఉంది. పోయినేడాది ఎక్స్‌రే కాగితం పైనే కనపడింది. దాని మీద ఉన్నది ఈ డాక్టరు చేతిరాతే. నేను వంగి, వరండాకు వినపడేట్టు చదివి తెలుగులో చెప్పాను. "ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము. క్వారీ పని మాన్పించాలి."

డాక్టరు ఫైలు మూయబోయాడు. పిన్ని దాని మీద చెయ్యి పెట్టింది. ఏడాది కిందే తెలుసు ఈ మహానుభావుడికి! తెలిసీ ఆ మనిషిని మళ్లీ క్వారీకే పంపాడు.

"మీకేం తెలుసమ్మా, ఇది రాస్తే నా మీదికొస్తుంది" అన్నాడు నెమ్మదిగా.

"మా ఆయన మీదికి ఎప్పుడో వచ్చింది" అంది పిన్ని.

వరండాలో ఎవరో దగ్గారు. ఇంకొకరు దగ్గారు. డాక్టరు కొత్త కాగితం తీసుకున్నాడు. ఆయన రాస్తున్నంతసేపూ నేను భుజం పక్కనే నిలబడ్డాను. ముద్ర పడ్డాక గట్టిగా చదివాను. క్వారీ దుమ్ము వల్ల వచ్చిన జబ్బు, బతికినంతకాలం మందులివ్వాలి.

కాగితం మడిచి పిన్ని చేతికిచ్చేలోగా వరసలో ముందున్న గురవయ్య లోపలికొచ్చి తన కార్డు బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయ్, నువ్వు పోబాక, ఈడనే నిలబడు" అన్నాడు నాతో. తర్వాత డాక్టరు వైపు తిరిగాడు. "నాదీ అదే దగ్గయ్యా. నాకూ రాయండి."