ఇంజన్లో ఇరుక్కున్న గాలి

ఆదివారం పొద్దున్నుంచీ మా ఆయన కారు బానెట్ కింద తల దూర్చి ఉన్నాడు. నేను పక్కన నీళ్ళ మగ్గు పట్టుకుని నిలబడ్డాను. కొత్త పెళ్ళాన్ని ఇలా ఎండలో నిలబెట్టే మొగుడు ఇంకెక్కడైనా ఉంటాడా అని లోలోపల తిట్టుకుంటూనే, అతని చెవి మీది గ్రీజు మరక చూసి మురిసిపోతున్నాను. పెళ్ళయిన కొత్తలో మరకలు కూడా ముద్దొస్తాయి.

కిందటి రోజు రేడియేటర్ గొట్టం చీలిపోతే కొత్తది అతనే బిగించాడు. అప్పటినుంచీ వీధి మలుపు తిరిగేలోపే వేడి చూపించే ముల్లు ఎర్రగీతకి ఎగబాకుతోంది. గొట్టం మార్చినప్పుడు లోపల గాలి చేరిందనీ, నీళ్ళు తిరిగే దారిలో అది అడ్డంగా కూర్చుందనీ మాకు తెలుసు. తెలిసి ఏం లాభం? దాన్ని లేపి బయటికి పంపడం మా తరం కావడం లేదు.

మామయ్యగారు వరండాలో కుర్చీ వేసుకుని తీర్పు చెప్పేశారు.

"సాయంత్రం పాత ఇనుము కొనే అతన్ని రమ్మన్నాను. అప్పటికి ముల్లు మధ్యలో నిలబడిందా, ఉంచుకుందాం. లేదా, తీసుకుపొమ్మంటాను. ఇంటిముందు ఈ గుదిబండ నాకొద్దు."

ఆయనకది గుదిబండ. మాకది గది. ఇంట్లో మా గదికీ మరిది గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలక. అతను దగ్గితే మా మంచం ఉలిక్కిపడుతుంది. అత్తయ్యగారికి పాము చెవులు. మేం కడుపారా నవ్వుకునేది, కొట్లాడుకునేది, నేను "ఏమండీ" మానేసి "ఒరేయ్" అనేది ఆ కారులో అద్దాలు ఎక్కించుకున్నాకే.

రేడియేటర్ మూత తీసి, ఇంజన్ ఆన్ చేసి, ఇంజన్ నీళ్ళు హీటర్లోకీ పారేలా దాన్ని ఆఖరిదాకా తిప్పి నీళ్ళు పోశాం. రెండు బుడగలు వచ్చి ఊరుకున్నాయి. మూత పెట్టి వీధిలోకి వెళ్ళాం. ముల్లు మళ్ళీ ఎర్రగీతకి. వెనక్కొచ్చి, చల్లారేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని మళ్ళీ పోశాం. మళ్ళీ అంతే.

"వదినా, అన్నయ్య తాళి కట్టేటప్పుడు కూడా ఇంత ఒద్దికగా తల వంచలేదు," అన్నాడు మరిది గుమ్మంలోంచి.

"నువ్వు లోపలికి పోతావా, మగ్గుతో కొట్టనా?" అన్నాడు మా ఆయన.

వంటింటి కిటికీలోంచి అత్తయ్యగారు, "దానికి తాగించింది చాల్లే, మీరు తిండికి రండి!" అని కేకేశారు.

ఎవరూ వెళ్ళలేదు. ఇంకోసారి పోస్తుంటే మగ్గు ఒరిగి సగం నీళ్ళు ఇంజన్ బెల్టు మీద పడ్డాయి.

"కాస్త చూసి పొయ్యలేవూ?"

"చూసే పోస్తున్నానండీ. మీరు సరిగ్గా బిగించి ఉంటే నాకీ పనే ఉండేది కాదు."

"అయితే నాదే తప్పంటావ్?"

"కాక నాదా?"

అద్దాల చాటు లేకుండా మా మొదటి పోట్లాట అందరూ వింటుండగా ఆరుబయట జరిగింది. మగ్గు నేలకేసి కొట్టి కారులో కూర్చుని తలుపు దభీమని వేసుకున్నాను. ఏడుపొచ్చింది. ఏడవడానికైనా నాకున్నది ఆ ఒక్క చోటే. హీటర్ ఇంకా తిరుగుతోంది. అంత కాగిపోయిన ఇంజన్ నుంచి నా మోకాళ్ళకి చల్లటి గాలి కొడుతోంది. డాష్‌బోర్డు వెనకాల ఏదో గుడగుడమంటోంది. విసుగ్గా కాళ్ళు చాపితే చెప్పులు ముందుకు జారిపోయాయి.

చెప్పులెందుకు జారాయి?

మా ఇంటిముందు వాలు ఉంది. కారు ముక్కు కిందికి, వీధి వైపు ఉంటుంది. ఈ ఇంట్లో కారు అలాగే నిలబడాలి. మామయ్యగారు జీవితమంతా అంబులెన్స్ నడిపారు. పిలుపు వస్తే వెనక్కి తిప్పుకునే వ్యవధి ఉండదని, ఏ బండినైనా ముఖం బయటికి పెట్టే ఆపుతారు. రిటైరయినా ఆ అలవాటు పోలేదు. అంటే ఇప్పుడు రేడియేటర్ మూత నా మోకాళ్ళకంటే కింద ఉంది. గాలి పైకి కదా పోయేది! మూత దగ్గరికి ఎందుకు దిగుతుంది? హాయిగా నా ముందే, హీటర్లో కాపురం పెట్టింది.

"ఒరేయ్, ఇలా రా!" అని అరిచాను, అద్దం దించి ఉందన్న సంగతి మరిచిపోయి.

మరిది నోరు తెరిచాడు. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. చెప్పాను. అతను నెత్తి కొట్టుకుని వరండా వైపు చూశాడు. అదృష్టం, మామయ్యగారు కుర్చీలోనే కునుకు తీస్తున్నారు.

ఇంజన్ చల్లారాక కారుని మెల్లగా వీధిలోకి దించి, తిప్పి, ముక్కు ఇంటికేసి పైకెక్కించాం. మూత తీసి మళ్ళీ మొదలెట్టాం. కాసేపటికి ఒక బుడగ. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత కారు భోంచేసిన పెద్దమనిషిలా బ్రేవుమని త్రేన్చింది, నీళ్ళు జరజరా లోపలికి దిగిపోయాయి.

"ఎవడ్రా బండిని గోడకి తిప్పింది?" మామయ్యగారు లేచారు.

"నాన్నా, ఆగు, ఇప్పుడు ఆపకూడదు!"

ఆయన పంచె ఎగ్గట్టి వచ్చేశారు. తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉంచి రేడియేటర్లోకి తొంగిచూశారు. గుడుగుడుమని మరో వరస బుడగలు. "అలా కాదమ్మాయ్, సన్నగా పొయ్యి," అని మగ్గు లాక్కున్నారు. బుడగలు ఆగిపోయేదాకా మాకెవ్వరికీ ఇవ్వలేదు. హీటర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వేడిగాలి! మండే ఎండలో దానికోసం ఎగిరి గంతేసింది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పాత ఇనుము అతను వచ్చేసరికి కారు వీధి చుట్టూ తిరిగి వచ్చి నిలబడింది. మామయ్యగారు అతన్ని లాక్కెళ్ళి ముల్లు చూపించారు. "మధ్యలో ఉందా? ఇక దయచెయ్."

మేం వెనకసీటు తలుపు తీయబోయాం.

"ఆ గ్రీజు చేతులతో సీట్లు పాడుచేస్తారా? తప్పుకోండి. దూరం తోలితే గానీ నేను నమ్మను," అంటూ ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నారు. అత్తయ్యగారు చీర మార్చుకుని మరీ వచ్చి పక్కన ఎక్కారు. మరిది వెనక కాళ్ళు బార్లా చాపుకున్నాడు.

మా గది మమ్మల్ని వదిలేసి మలుపు తిరిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నుంచీ చాకిరీ మాది, షికారు వాళ్ళది!

విసురుగా వెనక్కి తిరిగాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల దగ్గు లేదు, గిన్నెల చప్పుడు లేదు. ఇల్లంతా ఖాళీ.

మా ఆయన ఇంకా వీధి చివరికే చూస్తున్నాడు. "అంత దూరం ముల్లు నిలబడుతుందంటావా?"

"నిలబడుతుంది. నువ్వు లోపలికి రా."

"చేతులు కడుక్కుని వస్తా."

"అక్కర్లేదు," అన్నాను.