పదిహేడో అభ్యంతరం

తాళాల కంపెనీలో ఆమెకు అసలు పేరొకటి ఉంది కానీ, గుర్తింపు కార్డు మీద తప్ప దాన్ని ఎవరూ వాడినట్టు లేదు. అందరికీ ఆమె అడ్డుపుల్ల. కంప్యూటర్లో ఏ రిపోర్టు తయారవ్వాలన్నా, అందులోకి వెళ్ళే పట్టికల వివరాల కాగితాలు ముందు ఆమె బల్ల మీదికి రావాలి. ఏ గడిలో ఏముంటుంది, ఎవరు నింపుతారు, ఖాళీగా వదలొచ్చా, ఒక్కో మనిషికి ఎన్ని వరుసలు అని ఎర్ర పెన్నుతో గీసి గీసి చదివి, అభ్యంతరాలకు నంబర్లు వేసి తిప్పి పంపేది. రిపోర్టులు కట్టేది మెరుపు అని అందరూ పిలిచే కుర్రాడు. అతను ఎంత వేగంగా కట్టేవాడో అంత వేగంగా కూలిపోయేవి కాబట్టే ఆమె ఉద్యోగం నిలిచింది.

ఆ రోజు పొద్దున్నే మేనేజరు ఆమె బల్ల దగ్గరికి స్వయంగా వచ్చాడు. ఈ నెలాఖరుకి తొమ్మిదిమంది రిటైరవుతున్నారు. వాళ్ళలో ఏడాది పొడుగునా ఎక్కువ రోజులు పనిలోకి వచ్చిన ఒక్కరికి రెండేళ్ళ పొడిగింపు ఇస్తారట. సభ పెట్టి, ఆ మనిషిని కుటుంబంతో సహా వేదికెక్కించి, అందరి పేర్లూ చదువుతారట. సాయంత్రం నాలుగింటికల్లా రిపోర్టు కావాలి. హాజరు పట్టిక ఉంది, కుటుంబాల పట్టిక ఉంది, రెండూ కలిపేస్తే పని అయిపోతుందని చెప్పి, ఈ ఒక్కసారికి కోడిగుడ్డు మీద ఈకలు పీకవద్దని బతిమాలుకుని వెళ్ళాడు.

ఆ తొమ్మిదిమందిలో పనిముట్ల గది పెద్దమ్మ ఉంది. పనివాడి దగ్గర గుర్తుగా ఇత్తడి బిళ్ళ తీసుకుని ఇనుము అరగదీసే ఆకురాయి ఇవ్వడం, ఆకురాయి వెనక్కొచ్చాక బిళ్ళ తిరిగివ్వడం, దాని పళ్ళు అరగదీసి తెచ్చినవాణ్ణి నిలబెట్టి చివాట్లు పెట్టడం పెద్దమ్మ పని. ఒక్కత్తే ఉంటుంది. ఇంటికెళ్ళి గోడలతో మాట్లాడటం కన్నా ఇక్కడ వీళ్ళని తిట్టుకోవడం నయమని అంటూండేది. పదకొండేళ్ళుగా అడ్డుపుల్ల మధ్యాహ్నం భోజనం చేసేది ఆ గదిలోనే, ఆ బిళ్ళల చప్పుడు మధ్యే. అందుకే, తనవాళ్ళని వెనకేసుకొచ్చిందనే మాట రాకూడదని, ఆ వేళ మామూలు కన్నా రెండింతలు మొండిగా చదివింది.

మధ్యాహ్నానికి ఇరవై రెండు అభ్యంతరాలు తేలాయి. పుట్టిన తేదీ గడి ఏ తేదీ రాసినా నోరుమూసుకుని తీసుకుంటోంది. దాని ప్రకారం క్యాంటీన్ వంటాయన చిన్నకొడుకు ఇంకా పుట్టనే లేదు. ఇది తొమ్మిదోది. బంధుత్వం గడిలో ఉద్యోగి ఏం చెబితే అది రాయాలట, రుజువు అక్కర్లేదట. రేపెవడో తన స్కూటర్ని తమ్ముడని రాయిస్తే ఎవరు బాధ్యులని ఆమె నిలదీసింది. అది పదిహేడోది.

అసలు గొడవ ఇరవై రెండోది. హాజరు పట్టికలో మనిషికి రోజుకో వరుస. కుటుంబాల పట్టికలో ఇంట్లో ఉన్న ఒక్కొక్కరికీ ఒక వరుస. ఉద్యోగి నంబరు పట్టుకుని రెండూ కలిపితే ఏమవుతుందో చూద్దామని, ఆమె తెల్లకాగితం మీద ముగ్గుర్ని రాసుకుంది. రిటైరయ్యేవాళ్ళలోంచి వంటాయన, పెద్దమ్మ, పరీక్ష కోసం తను. వంటాయనకి భార్య, నలుగురు పిల్లలు, తల్లి, అత్తగారు, వెరసి ఏడుగురు. ఆయన ఒక్కరోజు పనిలోకి వస్తే ఏడు వరుసలు తేలాయి. రెండువందల ఎనభై ఆరు రోజులు కాస్తా రెండువేల రెండయ్యాయి. పెద్దమ్మ ఉన్న మూడువందల రెండు పనిదినాలూ వచ్చింది. కానీ జతకట్టడానికి అవతల ఎవరూ లేక ఆమె రోజులన్నీ రాలిపోయాయి. ఆ పక్కనే తనవీ రాలిపోయాయి. ఇంటి తాళం తనే వేసుకుని తనే తీసుకునే మనిషికి ఇది కొత్త సంగతేమీ కాదు. అయినా కాగితం మీద చూసేసరికి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, మెరుపుని వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది.

మేనేజరు మొదటి అంకె చూసి మురిసిపోయాడు.

"రెండువేల రెండా? వంటాయన కష్టజీవని నాకు ముందే తెలుసు."

"సార్, ఏడాదికి మూడువందల అరవై అయిదే," అన్నాడు మెరుపు, గొంతు సవరించుకుని.

ఆమె ఏడు వరుసల సంగతీ, సున్నా వరుసల సంగతీ విడమరిచి చెబితే, మేనేజరు పెద్దమ్మకి ఎవరిదో ఒక పేరు తగిలిస్తే సరిపోతుంది కదా అన్నాడు.

"ఆవిడ ఒక్కరే అయితే అలాగే చేసేదాన్ని సార్. ఇలా ఎవరూ లేనివాళ్ళు కంపెనీలో నలభై ఒక్కమంది ఉన్నారు. ముందు మనుషుల్ని లెక్కపెడదాం. వాళ్ళ చుట్టాల్ని తర్వాత పిలుద్దాం."

మెరుపు అలాగే కట్టాడు. నాలుగింటికి ఐదు నిమిషాల ముందు పెద్దమ్మ పేరు అందరికన్నా పైన వచ్చింది, పక్కన కుటుంబం గడి ఖాళీగా. పై అధికారులు సంతకాలు చేశారు. వంటాయన ఏమీ నొచ్చుకోలేదు. రెండువేల రెండని రాసిన కాగితం అడిగి పుచ్చుకున్నాడు, ఇంట్లో అత్తగారికి చూపించాలట.

కబురు వినగానే పెద్దమ్మ చేతిలో ఉన్న ఇత్తడి బిళ్ళని మేకుకి తగిలించబోయి, రెండుసార్లు కింద పడేసింది. కాసేపటికి, సభలో తన పక్క కుర్చీ ఖాళీగా ఉంచుతారా అని అడిగింది.

"ఆ గడి ఖాళీగా ఉన్నా ఫరవాలేదని రాయించాను పెద్దమ్మా."

"ఖాళీ ఎందుకు? నీ పేరు రాయి."

"నేనేమవుతానని రాయను?"

"కూతురని రాయి. ఎవరన్నా అడిగితే నా దగ్గరికి పంపు."

పదకొండేళ్ళలో మొదటిసారి అడ్డుపుల్లకి ఏ అభ్యంతరమూ తోచలేదు. తన సీటుకి వచ్చి, జాబితా ముందేసుకుని, పదిహేడో నంబరు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టేసింది. ఆ జాబితా కోసమే వచ్చిన మెరుపు అది చూసి కంగారుపడ్డాడు. ఆమె రాసినదాన్ని ఆమే కొట్టేయడం అతనెన్నడూ చూడలేదు.

"బంధుత్వానికి రుజువు అక్కర్లేదా మేడమ్?"

"అక్కర్లేదు. ఉద్యోగి చెబితే చాలు."

"మరి ఎవడన్నా స్కూటర్ని తమ్ముడంటే?"

ఆమె పెన్నుకి మూత పెట్టింది.

"రాసుకోనీ," అంది.